ఒక్క వాట్సాప్ గ్రూపు మీద పరిశోధన: మొదలు నుంచి సమర్పణ దాకా

“సామాజిక మాధ్యమాల ప్రభావం: గుంటూరు జిల్లా యువతపై ఒక పరిశీలన” అనే ధోరణి శీర్షికలు మన ప్రాంతపు పీజీ డిసర్టేషన్లలో ఏటా కనిపిస్తూనే ఉంటాయి. వాటిని తయారుచేసే పద్ధతి కూడా దాదాపు ఒకటే. గూగుల్ ఫారంలో పాతిక ప్రశ్నలు, స్నేహితుల చేత పంపించిన లింకు, వచ్చిన రెండు మూడు వందల జవాబులు, వాటికి రంగురంగుల వృత్త పటాలు, చివర్లో యువత ఈ మాధ్యమాలను సద్వినియోగం చేసుకోవాలన్న సూచన. ఇందులో శ్రమ లేదని అనలేం. అయితే రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారని అడిగితే ఎవరైనా చెప్పేది ఒక అంచనా మాత్రమే. ఆ గంటల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారు, ఎవరి మాట చెల్లింది, ఎవరు చదివి ఊరుకున్నారు అన్నది ఏ ఫారంలోనూ రాదు. ఆన్‌లైన్ సమూహాలను అధ్యయనం చేయదలచిన విద్యార్థి వందలమందిని పైపైన అడగడం కన్నా ఒక్క గ్రూపును ఎంచుకుని, దానిని తెర మీదా తెర బయటా పూర్తిగా తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఒక్క గ్రూపుతో సిద్ధాంత గ్రంథం అవుతుందా అని గైడ్ అడగవచ్చు. వేన్ జాకరీ అనే మానవశాస్త్ర పరిశోధకుడు 1977లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ కరాటే క్లబ్బు మీద ప్రచురించిన వ్యాసాన్ని అప్పుడు ముందు పెట్టవచ్చు. ఆయన పటంలో ఉన్నది 34 మంది. ఫీజు విషయంలో శిక్షకుడికీ క్లబ్బు అధ్యక్షుడికీ తగాదా వచ్చి క్లబ్బు రెండుగా చీలిపోయింది. శిక్షణ గది బయట ఎవరు ఎవరితో కలిసి మెలిసి ఉంటారో జాకరీ నమోదు చేసి పెట్టుకున్నారు. ఆ సంబంధాల పటాన్ని బట్టి ఎవరు ఏ పక్షానికి వెళ్తారో లెక్కగడితే ఒక్కరి విషయంలో తప్ప అందరి విషయంలోనూ అది నిజమైంది. నెట్‌వర్క్ విశ్లేషణ నేర్పే సాఫ్ట్‌వేర్లు నేటికీ ఆ 34 మంది పటాన్నే తొలి పాఠంగా చూపిస్తున్నాయి. మెయింటెనెన్స్ డబ్బుల మీద అపార్ట్‌మెంట్ గ్రూపులు రెండుగా చీలడం చూసిన విజయవాడ వారికి ఈ కథలో వింతేమీ కనిపించదు.

ప్రశ్న ముందు, గ్రూపు తర్వాత

చేతిలో ఉన్న గ్రూపుతో మొదలుపెట్టి దానికి సరిపోయే ప్రశ్న కోసం వెతకడం సాధారణంగా జరిగే పని. అలా చేస్తే చివరికి గ్రూపును వర్ణించడమే మిగులుతుంది. ప్రశ్నను ముందు ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఆ వాక్యంలో “ప్రభావం” అనే మాట ఉంటే దాన్ని కొట్టివేసి మళ్లీ రాయాలి.

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ నడిచే ధరల గ్రూపులను తీసుకోండి. “వాట్సాప్ వల్ల రైతులకు మేలు జరుగుతోందా?” అన్నది ప్రశ్నలా కనిపించే నినాదం. “ఒకే ఉదయం ఇద్దరు వేర్వేరు ధరలు చెప్పినప్పుడు రైతు ఎవరి మాటను నమ్మి సరుకు తీస్తాడు?” అన్నది పరిశోధన ప్రశ్న, ఎందుకంటే దానికి ఏ సందేశాలు చూడాలో, ఎవరిని కలవాలో, ఏ నెలల్లో చూడాలో అందులోనే ఉంది. కొత్త పంట యార్డుకు జోరుగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గ్రూపు మాట్లాడే తీరు వేరు, ఏసీల్లో (శీతల గిడ్డంగుల్లో) పెట్టిన సరుకును ఎప్పుడు తీయాలా అని ఎదురుచూసే నెలల్లో తీరు వేరు. కాలాన్ని కూడా ప్రశ్నలో భాగంగా నిర్ణయించుకోవాలి.

సిద్ధాంత నేపథ్యం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. డానా బాయిడ్, నికోల్ ఎలిసన్ 2007లో ఇచ్చిన నిర్వచనం మన డిసర్టేషన్ల మొదటి అధ్యాయంలో తప్పనిసరిగా దర్శనమిస్తుంది. సభ్యుడికి ఒక ప్రొఫైల్ ఉండాలి, అతని పరిచయస్తుల జాబితా ఇతరులకు కనిపించాలి, ఆ జాబితా పట్టుకుని ఒకరి నుంచి మరొకరి దగ్గరకు వెళ్లగలగాలి అన్నది దాని సారాంశం. ఫేస్‌బుక్‌కు ఇది సరిపోతుంది. వాట్సాప్‌లో మీ పరిచయస్తుల జాబితా ఎవరికీ కనిపించదు కాబట్టి అక్కడ ఈ నిర్వచనం నప్పదు. ఆ తేడాను రెండు పేరాల్లో చర్చించిన విద్యార్థి, నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసిన విద్యార్థి కన్నా ఎంతో ముందుంటాడు. మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రతిపాదించిన బలహీన బంధాల వాదం మాత్రం మన గ్రూపులకు చక్కగా ఉపయోగపడుతుంది. ఉద్యోగ సమాచారం దగ్గరి మిత్రుల కన్నా ముఖపరిచయం ఉన్నవారి ద్వారానే ఎక్కువగా చేరుతుందని ఆయన గమనించారు, ఎందుకంటే దగ్గరివారికి తెలిసింది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది. నరసరావుపేట నుంచి వచ్చి గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రవాడికి నోటిఫికేషన్ల సమాచారం ఎవరి నుంచి అందుతోందో చూడడానికి ఇది మంచి పనిముట్టు.

సినాప్సిస్ రాయడానికి ముందు, భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే శోధ్‌గంగలో ఇదే అంశంపై వచ్చిన సిద్ధాంత గ్రంథాలను తెరిచి, వాటి పద్ధతి అధ్యాయాలను మాత్రం చదవండి. మిగతా అధ్యాయాల జోలికి తర్వాత వెళ్లవచ్చు.

అనుమతి

ఈ పనిలో ఎక్కువమంది దాటవేసేదీ, పరిశోధన మొత్తాన్ని కూల్చగలిగేదీ ఇదే. “మా బాబాయే అడ్మిన్, ఆయన సరేనన్నాడు” అన్నది అనుమతి కాదు. గ్రూపులోకి ప్రవేశం ఇచ్చే అధికారం అడ్మిన్‌కు ఉంది. తోటి సభ్యుల మాటలను మీ గ్రంథంలోకి ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ముందుగా మీ విశ్వవిద్యాలయ ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత అడ్మిన్‌ను కలిసి, ఆయన సమ్మతితో గ్రూపులో ఇటువంటి సందేశం పెట్టాలి:

“అందరికీ నమస్కారం. నేను పీజీ విద్యార్థిని. మిర్చి ధరల సమాచారం రైతులకు ఎలా చేరుతుందో నా చదువులో భాగంగా తెలుసుకుంటున్నాను. ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఈ గ్రూపులో వచ్చే సందేశాలను చదివి రాసుకుంటాను. ఎవరి పేరూ, నంబరూ, ఊరూ బయట పెట్టను. ఒప్పుకునేవారు దయచేసి నాకు విడిగా ‘సరే’ అని పంపండి. పంపనివారి సందేశాలను నేను వాడుకోను. ఒప్పుకున్నాక వద్దనిపిస్తే ఒక్క మాట చెప్పండి, తీసేస్తాను. కారణం చెప్పనక్కరలేదు.”

దీన్నే మీ గొంతుతో వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టాలి, ఎందుకంటే టైపు చేసిన పొడవాటి సందేశాన్ని చదవనివారు, చదవలేనివారు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. పెద్దవారిని యార్డు దగ్గరో ఇంటి దగ్గరో కలిసి అడగడమే మర్యాద, ఫలితం కూడా అక్కడే ఎక్కువ. ఎంతమంది ఒప్పుకున్నారో, ఎంతమంది జవాబివ్వలేదో గ్రంథంలో అంకెలతో సహా రాయాలి. ఒప్పుకోనివారి మాటలు తీసివేయడం వల్ల సంభాషణలో పడే ఖాళీలను దాచకూడదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగా పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. పరిశోధనకు, గణాంకాలకు అదే చట్టం నిర్దేశిత ప్రమాణాలకు లోబడి కొంత మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. ఆ మినహాయింపును చూసుకుని సమ్మతి మానేయడం తెలివైన పని కాదు. ఇంటర్మీడియట్ హాస్టళ్లకు పేరుపడ్డ గుంటూరు, విజయవాడ నగరాల్లో ఇది మరీ ముఖ్యం. ఇంటర్ విద్యార్థుల గ్రూపు ఆకర్షణీయమైన అంశమే గానీ, అందులో దాదాపు అందరికీ 16, 17 ఏళ్లే ఉంటాయి. తల్లిదండ్రులందరి సంతకాలు తెచ్చుకునే వీలు లేకపోతే ఆ అంశాన్ని వదిలేయండి.

ఈ పట్టింపు ఎందుకో తెలియాలంటే రెండు ఉదంతాలు చాలు. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం ఫేస్‌బుక్ 6,89,003 మంది వాడుకదారులకు కనిపించే పోస్టుల్లో సంతోషపు మాటలనో విచారపు మాటలనో వారం రోజులపాటు తగ్గించి, వారి రాతల్లో మార్పును కొలిచింది. వారిలో ఎవరినీ విడిగా అడగలేదు. దుమారం రేగాక ఆ అధ్యయనాన్ని ప్రచురించిన పత్రిక సంపాదకులే ఆందోళన ప్రకటన వేయవలసి వచ్చింది. రెండోది 2008 నాటిది. ఒక విశ్వవిద్యాలయంలో ఒక బ్యాచి విద్యార్థుల ఫేస్‌బుక్ సమాచారాన్ని పేర్లు తీసేసి పరిశోధకుల కోసం విడుదల చేశారు. అక్కడ తప్ప మరెక్కడా లేని కోర్సుల పేర్లు అందులో ఉండడం వంటి ఆనవాళ్లతో అది హార్వర్డ్ అని కొద్ది రోజుల్లోనే బయటపడింది.

మన దగ్గర అంత దూరం కూడా వెళ్లనక్కరలేదు. “పటమటలోని ఒక అపార్ట్‌మెంటు, ఐదో అంతస్తు, పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి” అని రాస్తే పేరు లేకపోయినా ఆ వీధిలో అందరికీ తెలిసిపోతుంది. ఊరు, వృత్తి, వయసు అనే మూడింటిలో ఊరితోపాటు మరొకదాన్ని ఎప్పుడూ అస్పష్టంగానే ఉంచండి.

సందేశాలను సేకరించడం

ఒకప్పుడు ట్విటర్ నుంచి ఉచితంగా లక్షల పోస్టులు దింపుకుని పరిశోధనలు చేసేవారు. ఆ ఉచిత సౌకర్యాన్ని 2023లో ఎత్తేశారు. ఫేస్‌బుక్ పేజీలను గమనించడానికి ఉన్న క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టులో మూసేశారు. దొంగచాటుగా దింపే ప్రోగ్రాములు ఆయా సంస్థల నిబంధనలకు విరుద్ధం. కాబట్టి విద్యార్థికి మిగిలిన నమ్మకమైన దారి, సభ్యుల సమ్మతితో గ్రూపు సంభాషణను ఎగుమతి చేసుకోవడమే. గ్రూపు మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, ఫొటోలు లేకుండా తీసుకుంటే ఒక సాదా టెక్స్ట్ ఫైలు వస్తుంది. అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేసిన గ్రూపులో ఇది కుదరదు. ఆన్ చేశారంటే వారికి ఇష్టం లేదని అర్థం చేసుకోవాలి.

ఆ ఫైలును తెరిచి చూసినవారికి కొన్ని చిక్కులు వెంటనే కనిపిస్తాయి. అందులో పేర్లు మీ ఫోన్‌లో మీరు ఎలా సేవ్ చేసుకున్నారో అలాగే వస్తాయి. “శ్రీను ఎరువుల కొట్టు”, “రమేష్ వాళ్ల నాన్న” అని మీరు పెట్టుకున్న పేర్లు గుర్తింపు చిరునామాల్లా ఫైలు నిండా ఉంటాయి. అందువల్ల మరే పనీ చేయకముందే ప్రతి పేరునూ స1, స2, స3 అని మార్చి, ఏ సంకేతం ఎవరిదో తెలిపే జాబితాను వేరే పెన్‌డ్రైవ్‌లో పాస్‌వర్డ్‌తో దాచాలి. పేరాలుగా విడగొట్టి రాసిన సందేశం రెండు మూడు వరుసలుగా ఉంటుంది కాబట్టి వరుసల సంఖ్యను సందేశాల సంఖ్య అనుకోకూడదు. తేదీతో మొదలయ్యే వరుసే కొత్త సందేశం. అన్నిటికన్నా ముఖ్యమైన లోపం మరొకటి ఉంది. ఎవరి సందేశానికి జవాబుగా ఎవరు రాశారన్నది, ఏ సందేశానికి ఎవరు ఎమోజీ పెట్టారన్నది, ఏది ఫార్వర్డ్ అన్నది ఆ ఫైలులోకి రావు. ఇవి మీ ప్రశ్నకు అవసరమైతే ప్రతి సాయంత్రం గ్రూపు తెరిచి, తెరను చూస్తూ ఎక్సెల్‌లో చేత్తో నమోదు చేసుకోవలసిందే. విసుగు పుట్టించే పనే. అయితే గ్రూపు మీకు అర్థమవడం మొదలయ్యేది ఆ విసుగులోనే.

వర్గీకరణ

నమోదైన సందేశాలకు వర్గాలు పెట్టడం చూడడానికి తేలిక. ఉదాహరణకు ఒక ఉదయం గ్రూపులో ఇలా సాగిందనుకుందాం. స14 అనే రైతు “ఇవాళ యార్డుకు ఎన్ని టిక్కీలొచ్చాయి?” (టిక్కీ అంటే మిర్చి బస్తా) అని అడిగారు. స3 అనే కమీషన్ వ్యాపారి ధరలు రాసిన కాగితం ఫొటో పెట్టారు. స8 “తేజ రకం ధర తగ్గింది, ఏసీ సరుకు కదలట్లేదు” అన్నారు. స22 చేతులు జోడించిన ఎమోజీ పెట్టారు. మొదటిది ప్రశ్న. రెండోది ఆధారంతో కూడిన సమాచారం. మూడోదాన్ని చాలామంది విద్యార్థులు కళ్లు మూసుకుని “సమాచారం” కింద వేసేస్తారు. కానీ స8 కొనుగోలుదారు అయితే, ధర తగ్గిందని చెప్పడం వల్ల ఆయనకు లాభం ఉంది. ఆ మాట సమాచారమా, బేరమా? ఇక నాలుగోది కృతజ్ఞత కావచ్చు, నమస్కారం కావచ్చు, ఇక ఈ చర్చ చాలించమని అడగడం కూడా కావచ్చు. కాబట్టి ప్రతి సందేశానికీ మూడు గడులు పెట్టుకోవాలి: ఏం చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు, చెప్పినవారికి అందులో ఏం పని. మూడో గడి తెర మీద దొరకదు, మనిషిని కలిస్తేనే నిండుతుంది.

భాష సంగతి చూస్తే, ఒకే గ్రూపులో తెలుగు లిపి, రోమన్ అక్షరాల్లో తెలుగు, ఇంగ్లిషు, వాయిస్ మెసేజ్‌లు కలగలిసి ఉంటాయి. “ఉంది” అన్న మాటను రోమన్‌లో కొందరు యూతో, కొందరు ముందు వీ చేర్చి రాస్తారు. పదాలను లెక్కించే ప్రోగ్రాము వాటిని రెండు వేర్వేరు మాటలుగా లెక్కిస్తుంది. భావోద్వేగాలను అంచనా కట్టే రెడీమేడ్ ప్రోగ్రాములు మన వెటకారాన్ని పట్టుకోలేవు. “అబ్బో, భలే రేటు ఇచ్చారు” అన్నదాన్ని అవి మెప్పుగా తీసుకునే అవకాశమే ఎక్కువ. మూడు నెలల గ్రూపు సంభాషణకు చేత్తో చేసే వర్గీకరణే నమ్మదగినది. వాయిస్ మెసేజ్‌లను విని, మాట్లాడిన యాసలోనే ఎత్తి రాసుకోవాలి.

మీ వర్గీకరణ మీ ఇష్టాయిష్టాల మీద ఆధారపడలేదని చూపడానికి వంద సందేశాలను మరొక విద్యార్థికి ఇచ్చి విడిగా వర్గీకరించమనాలి. ఇద్దరికీ 80 చోట్ల ఏకాభిప్రాయం వచ్చిందని సంబరపడకూడదు. యాదృచ్ఛికంగానే 50 చోట్ల కలిసే అవకాశం ఉంటే, మిగిలిన 50లో నిజంగా కలిసింది 30 మాత్రమే, అంటే 0.6. జాకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా లెక్క ఇదే. 0.8 వస్తే నిశ్చింతగా ముందుకు సాగవచ్చు. 0.6 దగ్గర ఆగితే వర్గాల నిర్వచనాలను మళ్లీ రాసుకోవాలి.

సంబంధాల పటం

గ్రూపులో 60 మంది ఉంటే వారి మధ్య సాధ్యమయ్యే జంటలు 60ని 59తో గుణించి రెండుతో భాగిస్తే 1,770. ఒకే గ్రూపులో ఉన్నంత మాత్రాన ఈ 1,770 జంటల మధ్యా సంబంధం ఉందనుకుంటే పటం గీయడమే దండగ. సంబంధం అంటే ఏమిటో మీరే నిర్వచించాలి. నేరుగా జవాబివ్వడమా, పేరు పెట్టి పిలవడమా, గ్రూపు బయట ఫోన్ చేసుకోవడమా? జవాబులనే సంబంధంగా తీసుకుని మూడు నెలల్లో 90 జంటలు తేలితే సాంద్రత, అంటే సాధ్యమైన జంటల్లో నిజంగా సంబంధం ఉన్నవాటి వంతు, సుమారు 5 శాతం. ఆ అంకె చిన్నదని కంగారు పడనక్కరలేదు.

పటం గీయడానికి గెఫీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. సభ్యుల జాబితా ఒక షీటులో, జంటల జాబితా మరో షీటులో ఇస్తే చాలు. అందరికన్నా ఎక్కువ గీతలున్న సభ్యుడి కన్నా, రెండు గుంపుల మధ్య వంతెనలా నిలిచిన సభ్యుడే తరచుగా ఆసక్తికరంగా ఉంటాడు. లిండన్ ఫ్రీమన్ 1977లో ఇచ్చిన కొలతతో అతన్ని గుర్తించవచ్చు. ధరల గ్రూపులో రోజూ పోస్టులు పెట్టే వ్యాపారి కన్నా, అటు విత్తనాల కొట్లవారికీ ఇటు తన ఊరివారికీ జవాబిస్తూ నెలకు నాలుగు మాటలు మాత్రమే మాట్లాడే రైతు ఆ స్థానంలో తేలవచ్చు. రంగుల పటం అందంగా వచ్చిందని నాలుగైదు గ్రంథంలో అతికించడం మాత్రం వద్దు. మీ ప్రశ్నకు జవాబిచ్చే పటం ఒక్కటి చాలు.

తెర బయట

ఏ గ్రూపులోనైనా మాట్లాడేవారు కొద్దిమంది, చదివి ఊరుకునేవారు అధికం. మౌనంగా ఉండేవారి గురించి ఎగుమతి చేసిన ఫైలు ఏమీ చెప్పదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఏ గ్రూపు సందేశాలను చూసినా, సహాయం అడిగినవారి మాటలే కనిపిస్తాయి. కరెంటు లేక ఫోన్లు ఆరిపోయిన ఇళ్ల నుంచి ఒక్క సందేశమూ రాదు. సందేశాల సంఖ్యను బట్టి కష్టాన్ని కొలిచే పరిశోధకుడు, అందరికన్నా ఎక్కువ కష్టంలో ఉన్నవారినే లెక్కలో నుంచి తీసేసినవాడవుతాడు. ఆ వరద మీద పనిచేయదలచినవారు గ్రూపులతోపాటు వీధి వీధినా తిరిగి, ఏ రోజు ఏ ఇంట్లో ఫోన్ పనిచేసిందో అడిగి ఒక పట్టిక తయారుచేసుకోవాలి. అది ఇప్పటికీ సాధ్యమే, ఎందుకంటే ఆ రోజులను ఎవరూ మర్చిపోలేదు.

ఇంటర్వ్యూలకు ఎక్కువ మాట్లాడేవారిలో కొందరిని, అసలు మాట్లాడనివారిలో అంతమందిని, గ్రూపు వదిలి వెళ్లినవారిలో ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి. వదిలి వెళ్లినవారు చెప్పే కారణాలే తరచుగా అధ్యాయం మొత్తాన్ని నిలబెడతాయి. “మీరు ఎందుకు మాట్లాడరు?” అని అడిగితే ముఖం చిట్లిస్తారు. ఒక పాత సందేశాన్ని చూపించి “ఇది వచ్చిన రోజు మీరేం చేశారండీ?” అని అడిగితే కథ మొత్తం వస్తుంది. తనకన్నా పెద్దవారిని అడిగేటప్పుడు నోట్సు పుస్తకం పక్కన పెట్టి ముందు టీ తాగడం మంచిది. యార్డులో వేలం జరిగే వేళ ఎవరినీ కదిలించకండి. తూకాలు అయ్యాక వెళ్లండి.

రాయడం, తిరిగి ఇవ్వడం

గ్రంథం ఇంగ్లిషులో రాస్తున్నా సందేశాలను మొదట తెలుగులో, సభ్యుడు రాసిన తీరులోనే ఉంచి, కింద అనువాదం ఇవ్వండి. పద్ధతి అధ్యాయంలో మీరు వదిలేసిన వాటిని కూడా చెప్పండి: ఏ నెలలు చూడలేదు, ఎంతమంది ఒప్పుకోలేదు, ఏ వాయిస్ మెసేజ్ అర్థం కాలేదు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి. పాత సిద్ధాంత గ్రంథాల నుంచి నిర్వచనాలు ఎత్తి రాసే అలవాటు ఇక్కడే దొరికిపోతుంది. మీ గ్రూపు మాటలు మాత్రం ఏ గ్రంథంలోనూ ఉండవు కాబట్టి వాటికి ఆ బెడద లేదు.

సమర్పించే ముందు ఒక పేజీ సారాంశాన్ని తేలిక తెలుగులో రాసి గ్రూపులో పెట్టి, అభ్యంతరాలకు రెండు వారాల గడువు ఇవ్వండి. “నేను అలా అనలేదు” అని ఎవరైనా అంటే వాదించకుండా, వారి మాటను కూడా గ్రంథంలో చేర్చండి. వైవా పూర్తయ్యాక పేర్ల జాబితా ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఎథిక్స్ కమిటీకి రాసిచ్చిన తేదీకే చెరిపివేసి, ఆ సంగతి గ్రూపులో తెలియజేయండి. పరిశోధన కోసమే చేరిన గ్రూపైతే, అందరికీ చెప్పి, కృతజ్ఞతలు తెలిపి బయటకు రండి. ముందు నుంచీ మీరు సభ్యులుగా ఉన్న గ్రూపైతే, ఇకపై ఎవరి మాటలూ రాసుకోవడం లేదని స్పష్టంగా ప్రకటించి, ఆ రోజు నుంచి మామూలు సభ్యుడిలాగే కొనసాగండి.